వెనక్కి రాని మెయిల్

"మీ ఇంట్ల కుర్చీలెన్ని?" అని అడిగింది రూబీ.

అనూష బిత్తరపోయి చూసింది. మూడు రోజులుగా ఆ అమ్మాయిని పోలీసులు అడిగారు, ఇంటి ఓనరు అడిగింది, పక్క ఫ్లాట్లవాళ్ళు పలకరింపు పేరుతో అడిగారు. తనతో కలిసి ఈ ఫ్లాట్‌లో ఉండే మౌనిక ఏడ్చేదా, సరిగ్గా తినేదా, ఎవర్నయినా ప్రేమించిందా. కుర్చీల గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

"మూడు మేడం. ఎర్రవి, ప్లాస్టిక్‌వి."

"నాకు రెండే కనబడుతున్నయ్."

అనూష హాలంతా చూసింది. వంటగదిలోకి తొంగి చూసింది. బాల్కనీ తలుపు తీసి చూసి వచ్చేసరికి మొహం పాలిపోయింది. "ఒకటి లేదు మేడం. నేను ధ్యానమే పెట్టలే."

"నువ్వొక్కదానివే కాదు, ఎవ్వరూ పెట్టలే. కూచో, జర నిమ్మళంగ మాట్లాడుకుందాం."

రూబీ ఒక ప్రైవేటు బ్యాంకులో మోసాలు పట్టే విభాగంలో పదేళ్ళు పనిచేసింది. చివరికి తన పైఅధికారి మోసమే పట్టి, ఉద్యోగం పోగొట్టుకుని, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. నలభై రెండేళ్ళ మనిషి. ఆమె నవ్వదని వృత్తిలో పేరు. నవ్వదగ్గ కేసు ఇంతవరకూ ఒక్కటీ రాలేదని ఆమె జవాబు.

ఈ కేసు అసలే నవ్వదగ్గది కాదు. సోమవారం మధ్యాహ్నం, మణికొండలోని ఈ మూడంతస్తుల ఇంటి మేడ మీద నుంచి మౌనిక కింద పడింది. నేరుగా నేల మీద పడి ఉంటే కథ అక్కడే ముగిసేది. పక్కింటివాళ్ళ కారు షెడ్డు రేకు మీద పడి, అది వంగి, అక్కడి నుంచి జారింది కాబట్టి ప్రాణం మిగిలింది. ఈ గురువారం నాటికి గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రి ఐసీయూలో స్పృహ లేకుండా ఉంది. దూకేసిందని అందరూ తేల్చేశారు. కారణం కూడా తయారుగా ఉంది. కొత్త కంపెనీ ఉద్యోగంలోకి తీసుకునే ముందు ఆమె క్రెడిట్ రిపోర్టు తీయించింది. అందులో పాత క్రెడిట్ కార్డు బాకీ ఎగ్గొట్టినట్టు ఉంది. ఉద్యోగం ఆగిపోయింది, పరువు పోయిందని పిల్ల మేడెక్కింది. ఇంత చక్కగా అమరిన కథను కాదనే తీరిక ఎవరికుంది?

కాదన్నది తండ్రి ఒక్కడే. నారాయణప్ప కళ్యాణదుర్గం డిపోలో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. నిన్న రూబీ ఆఫీసులో కుర్చీ చివర కూర్చుని, "నా బిడ్డ దూకిందంటే, బాకీ ఎగ్గొట్టిందని ఒప్పుకున్నట్టే కదా మేడం," అన్నాడు. "ఆ రెండు మాటలూ నేను నమ్మను. ఎవడో తోసినాడు. ఆ తోసినోడు నా బిడ్డ కండ్లు తెరిచేదాకా ఊరికే కూర్చుంటాడా?"

డాక్టర్లు ఒకటి రెండు రోజుల్లో తెలివి రావచ్చన్నారు. రూబీకి నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే. తండ్రి ఎదురుచూసే ఆ ఘడియ కోసమే ఇంకొకడు కూడా ఎదురుచూస్తూ ఉండాలి.

ఆసుపత్రిలో మౌనికకు తోడు ఎవరున్నారని రూబీ అడిగింది. "నేనుండాను. ప్రవీణ్ సారు ఉండాడు," అన్నాడు నారాయణప్ప, అప్రయత్నంగా చేతులు జోడిస్తూ. మౌనిక మొదట పనిచేసిన కంపెనీలో ఆమె మేనేజరు ఈ ప్రవీణ్. సంగతి తెలిసి సోమవారం సాయంత్రమే వచ్చాడట. ఆసుపత్రి అడ్వాన్సు తనే కట్టాడట. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఐసీయూ బయటే పని చేసుకుంటూ కూర్చుంటున్నాడట. ఈ రోజుల్లో అలాంటి మేనేజర్లు కూడా ఉన్నారా అని రూబీకి అప్పుడు ముచ్చటేసింది.

"బాకీ సంగతి చెప్పు," అంది ఇప్పుడు అనూషతో. "కార్డు వాడి కట్టలేదా మౌనిక?"

"వాడనే లేదు మేడం! కొత్తగ జాబ్‌ల చేరినప్పుడు ట్రైనింగ్ రోజులల్ల బ్యాంకోళ్ళు క్యాంటీన్ల టేబుల్ ఏస్కొని కూసుంటరు. జీతం అకౌంట్‌తోని కార్డు గూడ అంటగడ్తరు. నాది వేరే కంపెనీ, అయినా గంతే. మెయిల్ అంటే ఆఫీసు మెయిల్ రాస్తం, ఫోన్ అంటే కంపెనీ ఇచ్చిన సిమ్ నంబర్ రాస్తం. ఫ్రెషర్లం కద, గవి రాసుడే గొప్ప అనుకుంటం."

ఇది రూబీకి కొత్త కాదు. ఈ చుట్టుపక్కల ఉద్యోగం మారేవాళ్ళు ఐడీ కార్డు, ల్యాప్‌టాప్, సిమ్ము అప్పగించి, కేకు కోయించుకుని, గ్రూప్ ఫొటో దిగి వెళ్ళిపోతారు. సొరుగులో పడి ఉన్న క్రెడిట్ కార్డు మాత్రం రాజీనామా చేయదు. ఏటా దాని ఫీజు అది వేసుకుంటుంది. ఫీజు కట్టలేదని జరిమానా, జరిమానా కట్టలేదని వడ్డీ. బిల్లులేమో వదిలేసిన ఆఫీసు మెయిల్‌కి పోతాయి, ఫోన్లేమో ఇంకెవరి జేబులోనో మోగుతాయి. రెండేళ్ళు గడిచాక ఆ మనిషి ఎగవేతదారని లోకానికి తెలుస్తుంది. ఆ మనిషికి తెలిసేది అందరికంటే ఆఖరున.

"తెలిసినంక ఏం చేసింది?"

"రెండ్రోజులు ఏడ్చింది. ఇగ మూడో రోజు లేచి బ్యాంకుకు పోయి అంతా కట్టేసింది. బాకీ లేదని లెటర్ తీస్కుంది. రిపోర్టు సరిచెయ్యుమని అర్జీ పెట్టింది, నెల పడ్తదన్నరు. కొత్త కంపెనీ హెచ్ఆర్‌కు లెటర్ చూపిస్తే, సరే ఆగుతమన్నరు మేడం! ఆదివారం మేమిద్దరం నల్లగండ్లల ఫ్లాట్ చూసి టోకెన్ గూడ ఇచ్చొచ్చినం. కొత్త ఆఫీసుకు దగ్గరైతదని."

ఆదివారం కొత్త ఇంటికి టోకెన్ ఇచ్చిన పిల్ల సోమవారం మేడ మీద నుంచి దూకదు. రూబీ గొంతు మార్చింది.

"సోమవారం ఎవరొచ్చిండ్రు?"

"నాకు తెల్వదు. సోమ, మంగళ, బుధ ఆఫీసుకు పోవుడు కంపల్సరీ నాకు." జవాబు మరీ తొందరగా వచ్చింది. చేతిలో ఉన్న ఫోను ఒళ్ళో బోర్లా పడింది.

"ఫోన్ ఎందుకు బోర్లిచ్చినవ్?"

"ఊరికే మేడం."

"అనూషా, కింద గేటుకు బోర్డు చూసిన. మగవాళ్ళకు ఫ్లాట్లలోకి ప్రవేశం లేదని మీ ఓనర్ సీతాబాయి గారు పెద్ద పెద్ద అక్షరాలతోని రాయించింది. అన్న వచ్చినా, నాయిన వచ్చినా కిందనో మేడ మీదనో మాట్లాడుకోవాలె, బయటి మగవాళ్ళయితే అదీ లేదు. మీ కుర్చీ ఇంట్ల లేదు. అంటే సోమవారం ఎవరో మగమనిషి వచ్చిండు, మౌనిక ఆయనకోసం కుర్చీ మోసుకపోయింది. నువ్వు ఆఫీసుల ఉన్నవ్, ఒప్పుకుంటా. కానీ నీకు చెప్పకుండ ఆ పిల్ల మంచినీళ్ళు గూడ తాగదట కద?"

అనూష కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "ఓనర్ ఆంటీకి తెలిస్తే ఖాళీ చెయ్యమంటది మేడం. ఒక్కదాన్నే యాడికి పోవాలె?"

"నీకు ఇల్లు పోతదని భయం. ఆమెకు ప్రాణం పోతున్నది. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

అనూష ఫోన్ తెరిచి, దాచిపెట్టిన సందేశం చూపించింది. సోమవారం మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. 'ఒక సార్ వస్తున్నారు. పైన కూర్చోబెట్టి మాట్లాడతా. ఆంటీకి చెప్పకు ప్లీజ్.' ఆ తర్వాత గంట తిరక్కముందే మౌనిక రేకుల మీద పడింది.

రూబీకి కోపం వచ్చింది గానీ, ఎదురుగా వణికిపోతున్న ఈ పిల్ల మీద చూపించడానికి మనసొప్పలేదు. "ఆ సార్ ఎవరు?"

"నిజంగ తెల్వదు మేడం. పోయిన వారం మొదట్ల ఒక్కటే ముచ్చట. బిల్లు కట్టకపోతే ఊర్లె ఇంటికి ఉత్తరమన్న రావాలె కదనే, నాన్న అడ్రస్ ఇచ్చిన కదనే, ఎందుకు రాలే అంటది. బాకీ కట్టేసినవ్ కద, ఇంకెందుకే పరేషాన్ అన్న నేను."

రూబీ లేచి నిలబడింది. ఇంతసేపూ అందరూ చెప్పింది బాకీ గురించి. ఈ పిల్ల అడిగింది ఉత్తరం గురించి.

* * *

మెట్లెక్కుతూనే కిరణ్ పాల్‌కి ఫోన్ చేసింది. పాత బ్యాంకులో ఆమె కింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు మౌనికకు కార్డిచ్చిన బ్యాంకులో ఉన్నాడు.

"అక్కా, కస్టమర్ వివరాలు నేను చెప్పకూడదు."

"వివరాలు వద్దు. పోలీసులకు ఇచ్చిన జవాబే చెప్పు, వాళ్ళ నాయిన అడుగుతుండు. ఎగవేత అని రాసే ముందు ఇంటికి కాగితం ఉత్తరం పోవాలె కద?"

"మెయిల్ వెనక్కి వస్తేనే పోతదక్కా. ఆఫీసు మెయిల్ మూసేస్తే మా బిల్లు తిరిగి మాకే వచ్చి పడ్తది. అట్ల వచ్చిన వెంటనే పర్మనెంట్ అడ్రసుకు ఉత్తరం పోతది. ఈ పిల్లది ఒక్కసారి గూడ వెనక్కి రాలే."

"ఆ ఉద్యోగం మానేసి రెండేండ్లయింది కిరణ్."

"అదే కదక్కా వింత. అందుతున్నయ్, తెరిచినట్టు గూడ మాకు తెలుస్తది. ఈ నెల బిల్లు గూడ తెరిచిండ్రు. పోయిన వారం ఆ పిల్ల అడిగితే గిదే రాసి పంపినం."

రూబీ మెట్ల మీద ఆగిపోయింది. ఎవరో మౌనిక పేరుతో కూర్చుని, మౌనిక బిల్లులు తెరిచి చూశారు. ఒక్క ఫోన్ కొట్టి, అమ్మా నీ పాత కార్డు బిల్లు వస్తోంది చూసుకో అంటే పోయేది. అనలేదు. నెల నెలా ఆ పిల్ల పేరు పాడవుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఇది మరచిపోవడం వల్ల జరిగిన తప్పని రూబీ కూడా నమ్మింది. మౌనిక వైపు నుంచి అది నిజమే. అటువైపు కూర్చున్నవాడికి మాత్రం అన్నీ గుర్తున్నాయి.

* * *

మేడ మీద ఎండ దంచేస్తోంది. పిట్టగోడ నడుము ఎత్తు ఉంది. మౌనిక పడింది తూర్పు పక్క నుంచి. అక్కడ గోడ పై సున్నం కొద్దిగా గీసుకుపోయింది తప్ప ఇంకేమీ లేదు. పోలీసులు ఆ పక్కే ఫొటోలు తీసుకుని దిగిపోయారని అనూష చెప్పింది.

రూబీ మెట్లగది చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళింది. అక్కడ నల్లటి నీళ్ళ ట్యాంకులు రెండు, వాటి వెనక మనిషి కూర్చునేంత నీడ. ఆ నీడలో ఎర్ర కుర్చీ ఉంది.

ముట్టుకోకుండా వంగి చూసింది. కుర్చీ పక్కన నేల మీద స్టీలు గ్లాసు. అడుగున మజ్జిగ ఎండిపోయి తెల్లగా అట్టకట్టింది, కరివేపాకు ముక్క ఒకటి అంచుకు అతుక్కుంది. కుర్చీ ఒక్కటే, గ్లాసు కూడా ఒక్కటే. అంటే మౌనిక కూర్చోలేదు, తాగలేదు. ఆయన ఎదుట నిలబడే మాట్లాడింది. ఎండలో వచ్చాడని మజ్జిగ కలిపి పైకి తెచ్చింది. ఆ పిల్ల అంత గౌరవం ఇచ్చిన మనిషి ఎవరు? ఈ ఐటీ కారిడార్‌లో కంపెనీ ఓనర్ని కూడా పేరు పెట్టి పిలుస్తారు. సార్ అన్నదంటే, తనకు పని నేర్పినవాడైనా అయ్యుండాలి, తన అవసరం ఎవరి చేతుల్లో ఉందో వాడైనా అయ్యుండాలి.

ఫొటోలు తీసుకుని, అక్కడున్న ఖాళీ బకెట్టు గ్లాసు మీద బోర్లించింది. వేలిముద్రలు పోలీసులవి, ఆమె పని కాదు. స్టేషన్‌కి ఫోన్ చేసి కబురు చెప్పింది. మనిషిని పంపిస్తామన్నారు.

"ఇక్కడా నువ్వేనా?"

మెట్ల తలుపు దగ్గర నుంచి వచ్చిన ఆ గొంతు రూబీకి బాగా తెలుసు. గిరీష్. ఇద్దరూ ఒకే బ్యాంకులో ఒకే గదిలో పనిచేశారు. రూబీకి ఉద్యోగం పోయిన రోజే గిరీష్‌కి ప్రమోషన్ వచ్చింది. తర్వాత మాదాపూర్‌లో పెద్ద ఏజెన్సీ పెట్టాడు. కంపెనీలు ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు తవ్వి ఇవ్వడం వాళ్ళ పని. మౌనిక ఎగవేతదారని కొత్త కంపెనీకి రాసి ఇచ్చింది కూడా వాళ్ళే.

రూబీ ట్యాంకుల వెనక నుంచి ఇవతలికి వచ్చింది. గిరీష్ తూర్పు పిట్టగోడ దగ్గర నిలబడి మొహం తుడుచుకుంటున్నాడు.

"నీ రిపోర్టు చేసిన పని చూద్దామని వచ్చినవా?"

"నోరు జాగ్రత్త రూబీ. ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎగవేత ఉంది, ఉందన్నాను. కట్టేశానని లెటర్ పంపింది, అదీ జతచేశాను. తర్వాత ఆ పిల్ల మనసు నిబ్బరం లేక దూకితే నాదా తప్పు?"

"దూకింది అని నీకెవరు చెప్పిండ్రు?"

"చెప్పేదేముంది? అంతా కనిపిస్తోందిగా. ఇదిగో ఇక్కడికొచ్చింది, కుర్చీ వేసుకుని గోడెక్కింది, అయిపోయింది. ఇవాళ రాసిచ్చేస్తే నా పనీ అయిపోతుంది. నువ్వేమో ఆ ముసలాయనకి లేనిపోని ఆశలు పెట్టి..."

"ఏ కుర్చీ?"

గిరీష్ మాట ఆపాడు. పిట్టగోడ పక్కన చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. మేడ మీద ఆయనకు కనిపించేంత మేరలో ఒక్క కుర్చీ కూడా లేదు.

"పోలీసులు తీసుకెళ్ళి ఉంటారు."

"తీస్కపోలే. ఇప్పుడు నేను ఫోన్ కొట్టేదాక వాళ్ళకు కుర్చీ ఉన్నదనే తెల్వదు. ఇంట్ల కుర్చీ పోయిందని అనూషకే ఇయ్యాల నేనడిగేదాక తెల్వదు. నువ్వు ఈ మేడ మీదికి ఎన్నోసారి వచ్చుడు గిరీష్?"

"ఇదే మొదటిసారి."

"మరి కుర్చీ నీకెట్ల తెలుసు?"

"క్లయింట్ చెప్పాడు. పేరు అడక్కు, చెప్పను. వృత్తి ధర్మం."

"నీ వృత్తి ధర్మం నాకు తెలుసులే." రూబీ ఆయన చెయ్యి పట్టుకుని మెట్లగది వెనక్కి లాక్కెళ్ళింది. ట్యాంకుల నీడలో కుర్చీ చూపించింది. బకెట్టు ఎత్తి గ్లాసు చూపించింది. "కండ్లు తెరిచి చూడు. గోడ ఆ పక్క, కుర్చీ ఈ పక్క. కుర్చీ ఎక్కి దూకిన మనిషి దాన్ని తెచ్చి నీడల పెట్టిపోయిందా? సోమవారం ఒకడొచ్చిండు. కుర్చీల కూసోని మజ్జిగ తాగిండు. ఈ మేడ మీద కుర్చీ ఉన్నదని తెలిసినోళ్ళు ఇద్దరే. ఒకరు ఐసీయూల ఉన్నరు. రెండోవాడు నీకు చెప్పిండు. ఇగ చెప్తవా, పోలీసులు వచ్చినంక వాళ్ళకు చెప్తవా?"

గిరీష్‌కి చెమటలు పట్టింది ఎండకు కాదు. రూబీకి ఆయన మీద ఎంత కసి ఉన్నా, ఆయన హంతకులకు తోడు నిలిచే మనిషి కాడని తెలుసు. ఆయన జబ్బు తొందర. ఏ ఫైలైనా సాయంత్రంలోగా మూసేయాలి, బిల్లు వేసేయాలి.

"ప్రవీణ్," అన్నాడు చివరికి. "ఆ అమ్మాయి పాత మేనేజరు. మంగళవారం ఫోన్ చేశాడు. మా మాజీ ఉద్యోగి గురించి పుకార్లు వస్తున్నాయి, కంపెనీ తరఫున చిన్న రిపోర్టు కావాలి, కుర్చీ వేసుకుని ఎక్కిందట పాపం అన్నాడు. నేను... నేను అడగలేదు నీకెలా తెలుసని."

రూబీ బకెట్టు మళ్ళీ గ్లాసు మీద బోర్లించింది. చేతులు జోడించిన నారాయణప్ప కళ్ళముందు కదిలాడు. "ఆయనకూ ఈ బాకీకీ ఏం సంబంధం?"

"నాకేం తెలుసు?"

"గిరీష్!"

"పోయిన శుక్రవారం ఆ అమ్మాయి మాకు మెయిల్ పెట్టింది. బాకీ కట్టిన లెటరు, బ్యాంకు జవాబు జతచేసి, నేను మానేసిన కంపెనీలో నా మెయిల్ ఇంకా ఎవరో తెరుస్తున్నారు, ఎవరో కనుక్కోండి అని అడిగింది. పాత ఉద్యోగం గురించి ఏ అనుమానం వచ్చినా పాత మేనేజరుకి పంపించి సంజాయిషీ తీసుకుంటాం. అందరికీ చేసేదే. రొటీన్, రూబీ."

"ఆమె మెయిల్ ఉన్నదున్నట్టు ప్రవీణ్‌కే పంపినవా?"

గిరీష్ తలవంచుకున్నాడు. ఎవరి మీద అనుమానమో ఆ మనిషి చేతిలోనే అనుమానాన్ని పెట్టి, నిజమేనా అని అడిగారు. ఏజెన్సీలన్నీ చేసే పని అది, రోజుకు వంద సార్లు చేస్తారు. వందోసారి ఒక ఆడపిల్ల మేడ మీద నుంచి పడింది.

"ఒక మెయిల్ తెరిచినందుకు మనిషిని తోసేస్తాడా ఎవడైనా?" అన్నాడు గిరీష్, తనకు తానే నచ్చజెప్పుకుంటున్నట్టు.

రూబీ ఫోన్‌లో ఆ పాత కంపెనీ నంబరు వెతికి, స్పీకర్ పెట్టి, రిసెప్షన్‌కి చేసింది.

"నమస్తే అండి. మౌనిక గారితో మాట్లాడాలె. ప్రవీణ్ గారి టీమ్."

"ఒక్క నిమిషం మేడం." కీబోర్డు చప్పుడు. "మౌనిక గారు ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్ అండి. సీటు దగ్గర ఉండరు."

"ఇయ్యాల డ్యూటీల ఉన్నరా?"

"ఉన్నారండి. పేరు పక్కన పచ్చ చుక్క కనిపిస్తోంది, ఆన్‌లైన్‌లోనే ఉన్నారు. మెసేజ్ ఏమైనా పెట్టమంటారా?"

రూబీ ఫోన్ పెట్టేసింది. నోట్లో గొట్టంతో మంచం మీద పడి ఉన్న మనిషి, రెండేళ్ళ కిందట మానేసిన ఆఫీసులో ఈ నిమిషాన పని చేస్తోంది.

"అర్థమైందా?" అంది రూబీ. "పైదేశం క్లయింటు ఒక్కో మనిషికి గంటల లెక్కన కడ్తడు. మనిషి మానేస్తే మెయిల్ మూసేయుమని చెప్పవలసింది మేనేజరే. ఈయన చెప్పలే. మెయిల్ బతికుంటే ఉద్యోగి బతికున్నట్టే. రెండేండ్ల సంది లేని మౌనిక గంటలు అమ్ముకుంటుండు. జీతం ఎవరి ఖాతాల పడుతున్నదో పోలీసులు తేలుస్తరు. ఇట్ల ఇంకెంతమంది ఉన్నరో ఏమో. మెయిల్ ఎవరు తెరుస్తుండ్రన్న ఆ పిల్ల ప్రశ్నకు జవాబు దొరికితే ఆయన జైలుకు పోతడు. అందుకే మాట్లాడుదామని వచ్చిండు, మాటతోని పని కాలే."

పచ్చ చుక్క. ఎవరో ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ చుక్కను వెలిగిస్తున్నారు. ఐసీయూ బయట, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని.

"కారు తియ్!" అని అరిచింది. "స్టేషన్‌కు మళ్ళ ఫోన్ కొట్టు, హాస్పిటల్‌కు పంపుమను!"

గిరీష్ మారు మాట్లాడకుండా మెట్ల వైపు పరుగెత్తాడు. రూబీ దిగుతూనే నారాయణప్పకు చేసింది. నాలుగోసారి మోగాక ఎత్తాడు. ఆయన గొంతులో ఎప్పుడూ వినని హుషారు.

"మేడం! మీకే చేద్దామనుకుంటాండా. నా బిడ్డ కండ్లు తెరిచింది! నన్ను గుర్తుపట్టింది. గొట్టం ఉండాది కదా, మాట రాల్యా. చెయ్యెత్తి ఏందో రాసినట్ట చూపించింది. రేపు గొట్టం తీస్తారంట, మాట్లాడతాదంట!"

"మీరు ఎక్కడున్నరు?"

"కింద క్యాంటీన్లో. మూడు దినాలాయ మేడం అన్నం సయించక. ప్రవీణ్ సారే బలవంతం చేసినాడు. పోయి తిని రాండి, పాప దగ్గర నేనుంటా అని. లోపలికి ఒక్కర్నే ఇడుస్తారు కదా, పాసు నేనే ఆయన మెడలో ఏసి వచ్చినా."

రూబీ రెండేసి మెట్లు దూకుతూ దిగింది. "నారాయణప్ప గారూ, వినండి. పైకి పోండి. ఉరకండి. ఆయన్ను మీ బిడ్డ దగ్గర ఉండనియ్యకండి. ఐసీయూల నర్సును గట్టిగ పిలవండి."

"ఎందుకు మేడం? ఆయన మా పాలిట..."

"ఆయనే తోసిండు."

అవతల కుర్చీ వెనక్కి పడిన చప్పుడు, పళ్ళెం నేల మీద దొర్లిన చప్పుడు. ఆపైన పరుగు. ముసలి ఊపిరి ఫోన్‌లో ఎగపోస్తోంది. లిఫ్టు కోసం ఆగలేదు, మెట్లెక్కుతున్నాడు. రూబీ గేటు దాటి గిరీష్ కారులో పడింది. కారు కదిలింది. ఫోన్ చెవి నుంచి తీయలేదు.

"బాబూ, తలుపు తియ్యప్పా! నా బిడ్డ లోపలుంది! నేను దాని నాయన్ని!"

ఎవరో మగగొంతు పాసు అడిగింది.

"పాసు నా దగ్గర లేదు నాయనా, ఆయనకిచ్చినా. వాడు... వాడు లోపలుండాడు, తియ్యప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

అవతల సెక్యూరిటీ మనిషి గొంతు రూబీకి స్పష్టంగా వినిపించింది. విసుగు లేకుండా, చాలా మర్యాదగా చెబుతున్నాడు.

"అరవకండి పెద్దాయనా. పేషెంట్ తాలూకు మనిషి ఆల్రెడీ లోపల ఉన్నారు."